థర్డ్ పార్టీ ఆర్పీజీ రాస్తున్నారా? కిక్కిరిసిన ఈ సంతలో ఏ దారి మంచిది

మీ దగ్గర ఒక అడ్వెంచర్ (ఆర్పీజీలో ఆడించడానికి రాసిన కథ) ఉందనుకుందాం. స్నేహితులతో రెండు మూడు సార్లు ఆడించారు, బాగా వచ్చింది. టైప్ చేసి, మ్యాపు గీసి, పాతిక పేజీల పీడీఎఫ్ తయారు చేశారు. ఇప్పుడు దాన్ని ఏ ఆట రూల్స్ మీద, ఏ లైసెన్సు కింద, ఎక్కడ అమ్మకానికి పెట్టాలి? 2018లో ఎవరినైనా ఈ ప్రశ్న అడిగితే ఆలోచించకుండా "డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఫిఫ్త్ ఎడిషన్‌కి రాసెయ్" అనేవాళ్ళు. ఇవాళ ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. ఎందుకు రావడం లేదో ముందు చెప్పి, తర్వాత ఉన్న దారులను ఒకదానితో ఒకటి పోల్చి చూపిస్తాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. టేబుల్‌టాప్ ఆర్పీజీ అంటే నలుగురూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ మాటల్లో ఆడే కథ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) లాంటి ఆర్పీజీకి అసలు కంపెనీ వేసే పుస్తకాలు కాకుండా బయటివాళ్ళు రాసి అమ్మే అడ్వెంచర్లు, కొత్త జీవుల పుస్తకాలు, కొత్త క్లాసులు (పాత్రల రకాలు) ఉంటాయి. వాటినే థర్డ్ పార్టీ పుస్తకాలు అంటాం.

అమ్మకాలు ఎందుకు నెమ్మదించాయి

గుంటూరు మిర్చి యార్డు సంగతి మనకు తెలిసిందే. ఒక ఏడాది రేటు బాగా పలికిందంటే మరుసటి ఏడాది పత్తి వేసే రైతు కూడా మిర్చి వేస్తాడు. టిక్కీలు గుట్టలు పడతాయి, రేటు పడిపోతుంది. కాయ బాగోలేక కాదు, అందరూ అదే పంట వేసినందువల్ల. ఆర్పీజీ పుస్తకాల్లో ఇది జరగడం ఇప్పటికి రెండోసారి.

మొదటిసారి 2000లో. డీ అండ్ డీ మూడో ఎడిషన్‌తో పాటు దాన్ని వేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, తన రూల్స్‌ను బయటివాళ్ళు వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఓజీఎల్) తెచ్చింది. దాని వెనక ఉన్న ర్యాన్ డాన్సీ లెక్క తేలికే: బయటివాళ్ళు ఎన్ని అడ్వెంచర్లు రాస్తే మా అసలు రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అన్ని ఎక్కువ కాపీలు పోతుంది. పోయింది కూడా. రెండేళ్ళలో షాపుల అరలన్నీ ఆ రూల్స్‌తో ఆడేవని చెప్పే డీ20 లోగో ఉన్న పుస్తకాలతో నిండిపోయాయి. 2003 జులైలో 3.5 ఎడిషన్ వచ్చేసరికి అరల్లో ఉన్నవన్నీ పాత రూల్స్ పుస్తకాలు అయిపోయాయి. షాపులవాళ్ళు సగం ధరకు వదిలించుకున్నారు, కొత్తవి తెప్పించడం తగ్గించేశారు, చాలామంది పబ్లిషర్లు మూసేసుకున్నారు. నిలబడినవాళ్ళలో గ్రీన్ రోనిన్ ఒకటి. అందరూ కత్తులు, కోటలు రాస్తుంటే వాళ్ళు 2002లోనే అదే డీ20 పునాది మీద మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే సూపర్‌హీరో ఆట కట్టుకున్నారు. ఎడిషన్ మారినా దానికి ఏమీ కాలేదు.

రెండోసారి మొదలైంది 2016 జనవరిలో. ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్‌లో పెద్ద భాగాన్ని ఎస్‌ఆర్‌డీ (బయటివాళ్ళు వాడుకోదగ్గ రూల్స్ పత్రం) పేరుతో ఓజీఎల్ కింద విడుదల చేశారు, అదే నెలలో డీఎమ్స్ గిల్డ్ అనే ఆన్‌లైన్ అంగడి తెరిచారు. 2018లో యూట్యూబ్‌లో పేరున్న మ్యాట్ కోల్‌విల్ తన కోటల పుస్తకానికి, కొనేవాళ్ళ దగ్గర ముందే డబ్బు కూడగట్టే సైటు కిక్‌స్టార్టర్‌లో 50 వేల డాలర్లు అడిగితే 21 లక్షల డాలర్లు దాటి వచ్చాయి. ఆ అంకె చూసి చేతిలో కలం ఉన్న ప్రతివాళ్ళూ దిగారు. తర్వాత లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ ఆట పెరిగి, కొనేవాళ్ళూ పెరిగారు.

2022 ఆగస్టులో విజార్డ్స్ కొత్త రూల్స్ వస్తున్నాయని ప్రకటించింది. కొనేవాడు ఆగిపోయాడు, ఏడాదిలో పాతబడేదాన్ని ఎవరు కొంటారు? 2023 జనవరిలో కొత్త ఓజీఎల్ చిత్తుప్రతి బయటికి పొక్కింది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతం దాకా రాయల్టీ కట్టాలన్నది అందులో ఒక షరతు. గగ్గోలు రేగింది. కంపెనీ వెనక్కి తగ్గి, అదే నెల 27న ఎస్‌ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ కింద పెట్టేసింది. అంటే అది ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేని లైసెన్సు. కానీ నమ్మకం మీద దెబ్బ అప్పటికే పడింది. పబ్లిషర్లు సొంత ఆటలకు మళ్ళారు: కోబోల్డ్ ప్రెస్ టేల్స్ ఆఫ్ ది వాలియంట్ అంది, కోల్‌విల్ కంపెనీ ఎమ్‌సీడీఎమ్ డ్రా స్టీల్ అంది, పాత్‌ఫైండర్ ఆట వేసే పైజో ముందు నిలబడి ఓఆర్‌సీ అనే కొత్త లైసెన్సు తెచ్చింది. 2024 సెప్టెంబరులో డీ అండ్ డీ కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కూడా వచ్చేసింది. ఒకే ఇంట్లో ఉన్న పాఠకులు ఇలా నాలుగు కుంపట్ల దగ్గరికి చీలిపోయారు.

డబ్బు లేక ఇలా అయిందంటే నేను ఒప్పుకోను. 2024లో బ్రాండన్ శాండర్సన్ కథల ఆధారంగా చేసిన కాస్మియర్ ఆర్పీజీకి కిక్‌స్టార్టర్‌లో కోటీ యాభై లక్షల డాలర్ల పైన వచ్చింది. డబ్బు ఉంది, కానీ ముందే పాఠకులు ఉన్నవాళ్ళ దగ్గరికే పోతోంది.

నా దృష్టిలో అసలు చిక్కు ఆడే గంటల్లో ఉంది. వారానికోసారి మూడు గంటలు ఆడే గ్రూపుకు రెండొందల పేజీల క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే పెద్ద కథ) ఒకటి పూర్తవడానికి ఏడాది పడుతుంది. ఆ గ్రూపు జీఎం (ఆట నడిపించే మనిషి) దగ్గర ఇప్పటికే తెరవని క్యాంపెయిన్లు ఆరేడు ఉన్నాయి. అతనికి ఎనిమిదోది అమ్మాలంటే మీరు ఎంత బాగా రాసినా కష్టమే. ఒక్క ఆదివారం ఆడి ముగించేదైతే తీసుకుంటాడు. ఎవరైనా రాకపోయిన వారం అతనికి అలాంటిదే కావాలి. కింద ఏ దారి పోల్చినా నేను ముందు చూసేది ఇదే.

డీఎమ్స్ గిల్డ్

ఇక్కడ ఫర్‌గాటెన్ రెల్మ్స్ లాంటి డీ అండ్ డీ సొంత లోకాలను, పేర్లను వాడుకోవచ్చు. బయట ఇంకెక్కడా ఆ వీలు లేదు. బదులుగా మీకు వచ్చేది ధరలో 50 శాతం. ఒకసారి అక్కడ పెట్టినదాన్ని మరెక్కడా అమ్మకూడదు. మీరు సృష్టించిన పాత్రలను, ఊళ్ళను గిల్డ్‌లోని మిగతా రచయితలు వాడుకోవచ్చు.

మీ కథ నిజంగా ఆ లోకంలోని వాటర్‌డీప్ నగరం వీధుల్లోనే జరగాలి, ఆ ఊరి మీదే మీకు ప్రేమ అంటే ఇక్కడికే వెళ్ళండి. అభిమానంతో రాసి, పది మంది ఆడితే చాలనుకునేవాళ్ళకు ఇది మంచి చోటు. కానీ మీ మనసులో సొంత లోకం ఒకటి ఉంటే దాన్ని ఇక్కడ పెట్టకండి. పదేళ్ళ తర్వాత ఆ లోకాన్ని పెద్ద పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు అది మీ చేతిలో ఉండదు.

ఎస్‌ఆర్‌డీ తీసుకుని మీ సొంతంగా

2025 ఏప్రిల్ నుంచి కొత్త రూల్స్ ఎస్‌ఆర్‌డీ 5.2 కూడా క్రియేటివ్ కామన్స్ కింద ఉంది. వాళ్ళు అడిగిన క్రెడిట్ వాక్యం ఒకటి మీ పుస్తకంలో పెడితే చాలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రాయల్టీ లేదు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి కొన్ని జీవుల స్టాట్ బ్లాకులు (బలం, దెబ్బ లాంటి అంకెల పట్టీలు) అందులో ఉండవు, డీ అండ్ డీ లోగో వాడకూడదు. మన రాక్షసుడు మాత్రం ఉన్నాడు. డీ అండ్ డీ బొమ్మల్లో అతనికి పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు. చిన్నప్పుడు కథల్లో విన్న రాక్షసుడు ఎలా ఉంటాడో తెలిసిన మనం అతన్ని సరిగ్గా రాస్తే చదివేవాళ్ళకు కొత్తగా ఉంటుందని నా నమ్మకం.

ఎక్కడ అమ్మాలి? పది డాలర్ల పీడీఎఫ్ ఒకటి అమ్ముడైతే డ్రైవ్‌త్రూఆర్పీజీలో మీకు 6.50 వస్తుంది. అక్కడ తప్ప ఇంకెక్కడా అమ్మనని రాసిస్తే 7 వస్తుంది. ఇచ్.ఐఓలో వాళ్ళ వాటా ఎంతో మీరే నిర్ణయించవచ్చు, మామూలుగా 10 శాతం. కార్డు చార్జీలు కూడా పోగా 8.40 దాకా మిగులుతుంది. చూడ్డానికి ఇచ్ లాభంగా కనిపిస్తుంది. కానీ ఫిఫ్త్ ఎడిషన్ కొనే జీఎంలు వెతుక్కునేది ఎక్కువగా డ్రైవ్‌త్రూలో. చిన్న, ప్రయోగాత్మక ఆటలు ఇష్టపడేవాళ్ళు ఇచ్‌లో తిరుగుతారు. ఆ అర డాలరు కోసం డ్రైవ్‌త్రూకి ఎక్స్‌క్లూజివ్‌గా రాసివ్వడం నాకు నచ్చదు. రెండు చోట్లా పెట్టండి.

ఈ దారిలో గుంపు మరీ ఎక్కువ, నా భయం అదే. గాబ్లిన్లు పట్టిన గని, సత్రంలో ముసుగు మనిషి, ఊరి పిల్లలు మాయం కావడం: ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. కొత్త సబ్‌క్లాసులు (క్లాసుల్లో ఉపరకాలు) రాయడం ఇంకా కష్టం. ఆటగాళ్ళలో చాలామంది క్యారెక్టర్ షీటు డీ అండ్ డీ బియాండ్ అనే సైట్‌లో ఉంటుంది. ఆ సైట్‌ను 2022లో విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో 14.63 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది ఊరికే కాదు. అందులో కొందరు ఎంపిక చేసిన థర్డ్ పార్టీ పబ్లిషర్ల పుస్తకాలు ఉంటాయి, మీదీ నాదీ ఉండవు. బటన్ నొక్కితే రాని సబ్‌క్లాసును ఆటగాడు ముట్టుకోడు. అడ్వెంచర్‌కి ఆ బాధ లేదు, అది జీఎం చేతిలో ఉండేది. కాబట్టి ఫిఫ్త్ ఎడిషన్‌కే రాయాలని ఉంటే అడ్వెంచర్ రాయండి, అదీ చిన్నది.

చిన్న ఆటల లైసెన్సులు

నా సిఫార్సు ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

మదర్‌షిప్ అంతరిక్షంలో జరిగే భయానక ఆట. మోర్క్ బోర్గ్ స్వీడన్ నుంచి వచ్చిన చీకటి ఫాంటసీ. షాడోడార్క్ కెల్సీ డయాన్ చేసింది, 2023 మార్చిలో కిక్‌స్టార్టర్‌లో 13 లక్షల డాలర్ల పైన తెచ్చుకుంది. ఈ మూడింటికీ ఉచిత థర్డ్ పార్టీ లైసెన్సులు ఉన్నాయి. వాళ్ళు చెప్పిన లోగో, వాక్యం పెట్టాలి, షరతులు పాటించాలి, రాయల్టీ అడగరు. కెయిర్న్ ఇంకా సులువు, దాని రూల్స్ మొత్తం క్రియేటివ్ కామన్స్‌లోనే ఉన్నాయి. కాకపోతే అది షేర్ అలైక్ రకం: ఆ పాఠం తీసుకుని మార్చి వాడితే మీరు రాసినదీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

ఈ ఆటలు ఆడేవాళ్ళు ఫిఫ్త్ ఎడిషన్‌తో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఇటే వెళ్ళమంటున్నాను. వాళ్ళకు చిన్న అడ్వెంచర్లు అలవాటు. మదర్‌షిప్‌లో అయితే ఒక్క కాగితం రెండు వైపులా అచ్చు వేసి మూడు మడతలు పెట్టిన అడ్వెంచర్లు ఒక సంప్రదాయంగా మారాయి. కాగితం తీసి చదివితే పది నిమిషాల్లో ఆట మొదలుపెట్టొచ్చు. స్టాట్ బ్లాకు ఒకటి రెండు లైన్లలో అయిపోతుంది కాబట్టి రాసేవాడి శ్రమంతా కథ మీద, స్థలం మీద పడుతుంది. పైగా చిన్న ఊళ్ళో కొత్తవాడు దిగితే అందరూ చూస్తారు. పెద్ద నగరంలో ఎవరూ చూడరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఆదివారం పొద్దున కూకట్‌పల్లిలో నేను కాఫీ కప్పుతో కూర్చుంటాను, న్యూజెర్సీలో నా స్నేహితులకు అప్పుడు శనివారం రాత్రి. వాళ్ళ కోసం ఒక చెరువు మీద అడ్వెంచర్ రాశాను. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల కాలపు పెద్ద చెరువు, కట్ట మీద కట్ట మైసమ్మ గుడి, కట్ట తెగబోతోందని ఊరంతా కంగారు. డంజన్ (ఆటగాళ్ళు దిగి వెతకాల్సిన ప్రమాదపు చోటు) ఏమిటంటే తూము లోపలి రాతి సొరంగమే. మొదటిసారి ఆడినప్పుడు నేను లోపల ఏ జీవి ఉందన్నదే పెద్ద విషయం అనుకున్నాను. ఒక ఆటగాడు అది వదిలేసి, "తూము తెరిస్తే ముందు ఎవరి పొలానికి నీళ్ళు పోతాయి? నీరటి ఎవరు? అతను ఎవరి మనిషి?" అని అడిగాడు. వాళ్ళ తాతది వరంగల్ దగ్గర పల్లె, చిన్నప్పుడు విన్నవి గుర్తొచ్చాయట. ఆ తర్వాత రెండు గంటలు ఎవరూ కత్తి తీయలేదు. నీళ్ళ వంతు గురించి నీరటితో, దొరతో, కింది ఆయకట్టు రైతులతో బేరాలే. మా టేబుల్ మీద అంతకంటే మంచి రాత్రి నాకు గుర్తు లేదు.

దాన్ని ముందు ఫిఫ్త్ ఎడిషన్‌కి 32 పేజీల్లో రాశాను. సగం పేజీలు స్టాట్ బ్లాకులు, మ్యాజిక్ వస్తువుల వివరాలు. తర్వాత కెయిర్న్‌కి మారిస్తే నాలుగు పేజీలకు వచ్చింది, చెరువు మాత్రం పూర్తిగా మిగిలింది. నాలుగు పేజీలదాన్నే పరిచయం లేనివాళ్ళు ఆడి, మాకు ఇలా జరిగిందని రాసి పంపారు. గాబ్లిన్ గని ఎవరైనా రాయగలరు. తూము ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఆ రచయితల్లో ఎంతమంది? మన దగ్గర ఉన్నది ఇదే, దీన్ని ఇంకొకరి లోకంలో దాచిపెట్టకూడదు.

సొంత ఆట కట్టుకోవడం

ఓజీఎల్ గొడవ తర్వాత అందరికీ వచ్చిన ఆలోచన ఇది. నా సలహా: మొదటి పుస్తకంగా వద్దు. కొత్త రూల్స్ నేర్చుకోమని అడగడమంటే ఆ గ్రూపు దగ్గర అందరికంటే ఎక్కువ గంటలు అడగడమే. ఎమ్‌సీడీఎమ్ 2023 డిసెంబరులో డ్రా స్టీల్ కోసం 45 లక్షల డాలర్లకు పైగా సేకరించగలిగిందంటే దాని వెనక ఏళ్ళ తరబడి యూట్యూబ్‌లో కూడగట్టుకున్న జనం ఉన్నారు. మీ అడ్వెంచర్లు నాలుగైదు బయటికి వెళ్ళాక, ఏ రూలు మీకు ప్రతిసారీ అడ్డం వస్తోందో తెలిశాక అప్పుడు ఆలోచించండి.

అచ్చు, కిక్‌స్టార్టర్

పై దారుల్లో ఏది ఎంచుకున్నా, అచ్చు వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. ఇప్పుడు వద్దు.

2021లో నా 32 పేజీల అడ్వెంచర్‌ను ఇక్కడే ఒక ప్రెస్‌లో 200 కాపీలు వేయించాను. మల్టీకలర్, సెంటర్ పిన్నింగ్, 22 వేల రూపాయలు. కట్టలు ఇంటికి వచ్చాక విప్పి చూస్తే అరవై కాపీల్లో మధ్య షీటు తిరగబడి ఉంది, చెరువు మ్యాపు తలకిందులు. మళ్ళీ వేసి ఇస్తామన్నారు, నెలలు గడిచాయి, ఇవ్వలేదు. మంచి కాపీల్లో 57 అమ్ముడయ్యాయి. మిగిలినవి సజ్జ మీద ఉన్నాయి. ఒక్క కాపీ అమెరికాకు పంపాలంటే పోస్టు ఖర్చు పుస్తకం ధరను మించిపోయేది. తప్పు ప్రెస్‌దే కావచ్చు, కానీ మంచి కాపీలు కూడా మిగిలాయి కదా. 200 మంది కొంటారని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

అచ్చు పుస్తకం చేతిలో పట్టుకోవాలని ఉంటే డ్రైవ్‌త్రూలో ప్రింట్ ఆన్ డిమాండ్ ఉంది, ఆర్డరు వచ్చిన కాపీయే అచ్చవుతుంది. ధర ఎక్కువ పడినా సరుకు నిలవ ఉండదు.

కిక్‌స్టార్టర్ ప్రాజెక్టు పెట్టగల దేశాల జాబితాలో భారత్ లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బావమరిది పేరు మీద పెడదామనే ఆలోచన మనవాళ్ళలో చాలామందికి వస్తుంది. పెట్టే ముందు అతనితో నిదానంగా మాట్లాడండి: డబ్బు అతని ఖాతాలో పడుతుంది, పన్ను లెక్క అతనిది, పుస్తకం ఆలస్యమైతే అందరూ అడిగేది అతన్నే. కిక్‌స్టార్టర్ ఫీజు 5 శాతం, దాని మీద కార్డు చార్జీలు వేరు. అక్కడ ఉండేవాళ్ళకైతే 2019 నుంచి కిక్‌స్టార్టర్ నడిపే జీన్ క్వెస్ట్ బాగుంటుంది, అది చిన్న పుస్తకాల కోసమే పుట్టింది. పాచికలు, పెట్టెలు, బొమ్మలు కలిపి ఆశ పెట్టకండి. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద అమెరికా సుంకాలు ఒక దశలో 145 శాతానికి చేరినప్పుడు, ముందే ధర చెప్పేసి డబ్బు తీసుకున్న చిన్న పబ్లిషర్లు ఎంత టెన్షన్ పడ్డారో చూశాం. షాపుల దారి కూడా ఇప్పుడు గట్టిగా లేదు. షాపులకు ఆటలు పంపిణీ చేసే అలయన్స్ గేమ్ డిస్ట్రిబ్యూటర్స్‌ను నడిపిన డైమండ్ కంపెనీ 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది.

పీడీఎఫ్ డబ్బు ఇక్కడికి రావాలంటే పేపాల్ ఖాతా కావాలి. పాన్, బ్యాంకు ఖాతా, పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్) ఇవ్వాలి. భారతీయ ఖాతాలో విదేశీ డబ్బు నిలవ ఉండదు, నేరుగా బ్యాంకుకు వెళ్తుంది. మొదటి పుస్తకం పెట్టకముందే ఈ పని పూర్తి చేసుకోండి. అమ్మకం జరిగాక పేరు కలవక, పాన్ కలవక తిరగాల్సి వస్తే రాసే ఉత్సాహం అక్కడే చచ్చిపోతుంది.

చేతిలో పాతిక పేజీలు ఉన్నవాళ్ళు ఈ వారం చేయదగిన పని ఒకటుంది. పుస్తకంలో మీరు తప్ప ఇంకొకరు రాయలేని స్థలం ఏది, మనిషి ఎవరు అని చూసి, దాని చుట్టూ ఉన్నది మాత్రమే ఉంచి నాలుగు పేజీలకు తగ్గించండి. కెయిర్న్‌కో షాడోడార్క్‌కో మార్చండి. మీకు పరిచయం లేని జీఎం ఒకరికి ఉచితంగా ఇచ్చి, మీరు పక్కన లేకుండా ఆడించమనండి. ఆ మనిషి ఎక్కడ తడబడ్డాడో రాసుకుని సరిచేసి, మూడు డాలర్లకు ఇచ్‌లోనూ డ్రైవ్‌త్రూలోనూ పెట్టండి. నా చెరువు ఇప్పుడు అలాగే ఉంది. రెండోది రాస్తున్నాను, అది తాటివనంలో జరుగుతుంది.